స్కోరు పుస్తకము – ఆటకు జమాఖర్చు

రేడియో యెదుట కూర్చుండి క్రికెట్ వ్యాఖ్యానము వినువారిలో రెండు తెగలవారు కలరు. మొదటి తెగవారు చెవియొగ్గి విని, సిక్సరు కొట్టినప్పుడు సంతోషించి, వికెట్టు పడినప్పుడు నిట్టూర్చి, ఆట ముగియగానే సెట్టు కట్టివేసి లేచిపోవుదురు. రెండవ తెగవారు ప్రక్కన ఒక కాగితమును, పెన్సిలును పెట్టుకొని బంతి బంతికి ఏదో యొక గుర్తు వేసికొనుచుందురు. మొదటివారికి ఆట ఆ సాయంకాలముతో సరి. రెండవవారు పదియేండ్ల తరువాత ఆ కాగితమును తీసి చూచినను ఆట మరల కన్నులకు గట్టును. ఈ రెండవ తెగవారు వ్రాసికొను గుర్తులెట్టివి, వానినుండి స్కోరుకార్డు ఎట్లు తయారగును, ఆ కార్డు చెప్పునదేమి, చెప్పక విడుచునదేమి యను విషయములను పాఠకులతో ముచ్చటింపదలచినాము.

మన పల్లెలలో ఆటలకు కొదువ లేదు. బిళ్ళంగోడు కలదు, చెడుగుడు కలదు. కాని వీధిలో ఆడుకొను ఈ ఆటల లెక్క నోటనే యుండును. ఎవరు ఎన్ని గెలిచిరో ఆడినవారికి ఆ పూట గుర్తుండును. మరునాడు తగవు వచ్చును. మూడవనాటికి లెక్కయు పోవును, తగవును పోవును. క్రికెట్ అట్టిది కాదు. ఈ ఆటతోపాటు దాని లెక్కయు పెరిగినది. మైదానమున పదునొకండుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు ఆడుచుండగా, మైదానము వెలుపల బల్ల దగ్గర ఇరువురు కూర్చుండి వ్రాయుచుందురు. వీరే స్కోరర్లు. ప్రేక్షకులు వారి వంక చూడరు. అయినను ఆట ముగిసి జనము వెడలిపోయిన పిమ్మట మిగులునది వారు వ్రాసినది మాత్రమే.

విజయవాడ వన్‌టౌన్ కొట్లలో లెక్కలు వ్రాసిన గుమాస్తాలకు స్కోరు పుస్తకము నేర్పుట మిక్కిలి సులభము. వర్తకునకు చిట్టా యొకటి, ఆవర్జా యొకటి యుండును. ఏ పూటకు జరిగిన బేరము ఆ పూటకు, జరిగిన వరుసలోనే చిట్టాలో ఎక్కును. చిట్టానుండి ఎవరి పద్దు వారి పేరుక్రింద ఆవర్జాలోనికి దిగును. స్కోరు పుస్తకమున బంతి బంతికి వేయు గుర్తులు చిట్టా వంటివి. మరునాడు పత్రికలో మనము చూచు స్కోరుకార్డు ఆవర్జా వంటిది. ఒకచోట జమ యైనది మరియొకచోట ఖర్చు కావలెను. రెండును సరిపడనిచో ఎచ్చటనో తప్పున్నదని యర్థము. క్రికెట్ లెక్కకును ఇదియే ప్రాణము. బ్యాట్స్‌మన్ చేసిన పరుగు అతనికి జమ. ఆ బంతి వేసిన బౌలరునకు అదే పరుగు ఖర్చు.

చిట్టా వ్రాయు విధమును కొంచెము చూతము. ఒక ఓవరునకు ఆరు బంతులు. పరుగు రాని బంతికి ఒక చుక్క పెట్టవలెను. పరుగు వచ్చినచో ఆ అంకె వేయవలెను. వికెట్టు పడినచో డబ్ల్యూ అను అక్షరము వ్రాయుదురు. వైడ్ బంతికి అడ్డముగ నిలువుగ రెండు గీతలు కూడిన గుర్తు, నోబాల్‌కు సున్న చుట్టుదురు. ఒక ఓవరులో వరుసగా చుక్క, ఒకటి, చుక్క, నాలుగు, వికెట్టు, చుక్క యున్నవనుకొందము. ఐదు పరుగులు, ఒక వికెట్టు అయినవి. ఆరును చుక్కలే యైనచో అది మెయిడెన్ ఓవరు; అప్పుడు ఆ ఆరు చుక్కలను గీతలతో కలిపి ఇంగ్లీషు ఎమ్ అక్షరముగ దిద్దుదురు. వ్రాయువానికి అదియొక చిన్న పండుగ.

ప్రతి పరుగును మూడు చోట్ల వ్రాయవలసియుండును. కొట్టినవాని వరుసలో ఒకసారి, బంతి వేసినవాని గడిలో ఒకసారి, జట్టు మొత్తములో ఒకసారి. మొత్తము కొరకు పుస్తకములో ఒకటి, రెండు, మూడు అని ముందుగానే అచ్చొత్తిన అంకెలుండును. పరుగు వచ్చినకొలది వానిని కొట్టివేయుచు పోవుదురు. ఓవరు ముగిసినప్పుడు ఇద్దరు స్కోరర్లును ఒకరి లెక్క నొకరు సరిచూచుకొందురు. అంపైరు చేయి అడ్డముగా ఊపినచో నాలుగు. రెండు చేతులు పైకెత్తినచో ఆరు. మోకాలు పైకెత్తి చేతితో తాకినచో లెగ్‌బై. ఆ సైగ అందినదని స్కోరరు బదులు సైగ చేయవలెను. ధాన్యము కొలుచు కళ్ళములో కొలుచువాడు ‘లాభము’ అని మొదలుపెట్టి పైకి లెక్క చెప్పుచుండగా గుర్తులు పెట్టువాడు దానిని మరల అనుట మనవారెరిగినదే కదా. ఇదియు అట్టిదే.

ఈ మూడు చోట్ల వ్రాతలో ఒకచోట తప్పినను ఎంత చిక్కు వచ్చునో మాకు చిన్ననాడే అనుభవమైనది. గుడివాడ ప్రాంతమున మా పెదనాన్నగారి యింట బ్యాటరీతో పలుకు రేడియో సెట్టు ఒకటి యుండెడిది. టెస్టు మ్యాచ్ నాడు అరుగు మీద చాప పరచి ఇద్దరు అన్నదమ్ములు రెండు నోటు పుస్తకములలో లెక్క వ్రాసెడివారు. ఒకనాడు సాయంకాలమున ఒకరి లెక్కలో బ్యాట్స్‌మన్‌కు ఏబది, రెండవవారి లెక్కలో నలుబదితొమ్మిది. జట్టు మొత్తము మాత్రము ఇద్దరికి ఒక్కటే. మాటకు మాట పెరిగినది. పెదనాన్నగారు రెండు పుస్తకములను తీసికొని బౌలర్ల గడులు కూడిరి. మొదటి పుస్తకమున జమకు ఖర్చు ఒకటి తక్కువ. “ఒరే, ఆ ఒక్క పరుగు బ్యాటుకు తగిలి వచ్చినది కాదు, కాలికి తగిలి వచ్చినది. లెగ్‌బైని వాని పద్దులో ఎక్కించినావు. ఊరి సొమ్ము వాని ఇంట వేసినట్లు!” అని ఆయన నవ్విరి. ఎవరి బ్యాటునుండియు రాక జట్టునకు చేరు ఇట్టి పరుగులను అదనపు పరుగుల పద్దులో వేయవలెనని ఆనాడు మాకు తెలిసినది. లెక్క అబద్ధమాడదు గాని వ్రాయువాని చెవి పొరబడవచ్చునని కూడ తెలిసినది.

ఇక ఆవర్జాను చూతము. దీనికి మేము ఎన్నుకొన్నది భారతదేశము ఆడిన మొట్టమొదటి టెస్టు మ్యాచ్ స్కోరుకార్డు. 1932 జూన్ 25న లండనులోని లార్డ్స్ మైదానమున ఆ ఆట మొదలైనది. భారత జట్టు నాయకుడు కొఠారి కనకయ్య నాయుడు, లోకమునకు సి.కె. నాయుడు. ఆయన 1895లో నాగపూరున జన్మించినను ఆయన పూర్వులు మన బందరువారు. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడిన పిమ్మట, ఏబదియెనిమిదేండ్ల వయస్సులో, 1953-54 రంజీ పోటీలలో ఆంధ్ర జట్టునకు నాయకత్వము వహించినదియు ఆయనయే. కావున కృష్ణా డెల్టావారు ఈ కార్డును మన యింటి కాగితముగ భావించి చదువవచ్చును.

ఇంగ్లండు మొదటి ఇన్నింగ్స్ బ్యాటింగు పద్దు ఇది:

సట్‌క్లిఫ్ – 3
హోమ్స్ – 6
ఊలీ – 9
హామండ్ – 35
జార్డిన్ – 79
పేంటర్ – 14
ఏమ్స్ – 65
రాబిన్స్ – 21
బ్రౌన్ – 1
వోస్ – 4 (నాటౌట్)
బోస్ – 7
అదనపు పరుగులు – 15
మొత్తము – 259

భారత బౌలర్ల పద్దు ఇది:

మహమ్మద్ నిస్సార్ – 93 పరుగులు, 5 వికెట్లు
అమర్ సింగ్ – 75 పరుగులు, 2 వికెట్లు
జహంగీర్ ఖాన్ – 26 పరుగులు, వికెట్టు లేదు
సి.కె. నాయుడు – 40 పరుగులు, 2 వికెట్లు
పాలియా – 2 పరుగులు, వికెట్టు లేదు
నావుమల్ – 8 పరుగులు, వికెట్టు లేదు

పాఠకులు పెన్సిలు తీసికొని కూడి చూడగోరుచున్నాము. పదునొకండుగురు బ్యాటుతో చేసిన పరుగులు 244. దానికి అదనపు పరుగులు 15 చేర్చగా 259. ఇప్పుడు బౌలర్ల ఖర్చు కూడుడు: 93, 75, 26, 40, 2, 8. మొత్తము 244. జమ 244, ఖర్చు 244. ఆరుగురు బౌలర్లు, పదునొకండుగురు బ్యాట్స్‌మన్లు. ఇన్నేండ్లు గడచినను ఒక్క పరుగు తేడా లేదు. ఆనాడు లార్డ్స్‌లో బల్ల దగ్గర కూర్చున్న ఆ ఇరువురు తమ పని ఎంత శ్రద్ధతో చేసిరో ఈ కూడికయే సాక్ష్యము.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. ఆ దినములలో అదనపు పరుగు లేవియు బౌలరు ఖర్చులో వ్రాసెడివారు కారు. అందువలననే పై లెక్క బ్యాటు పరుగులతో సరిపోయినది. 1980 దశకమునుండి వైడ్, నోబాల్ పరుగులను బౌలరు పద్దులోనే వేయుచున్నారు. బై, లెగ్‌బై పరుగులు మాత్రము ఎప్పటివలె అతనికి అంటవు. కావున నేటి కార్డును సరిచూడదలచినవారు బ్యాటు పరుగులకు వైడ్లు, నోబాళ్ళు కూడ చేర్చి బౌలర్ల మొత్తముతో పోల్చవలెను. లెక్క కట్టు పద్ధతి మారినప్పుడు పాత అంకెను క్రొత్త అంకెతో పోల్చుట తగదని ఏ గుమాస్తా యైనను చెప్పును.

బౌలరు పేరునకెదురుగ సాధారణముగ నాలుగు అంకెలుండును. ఆ ఇన్నింగ్స్‌లో నాయుడుగారివి 24, 8, 40, 2. ఇరువదినాలుగు ఓవర్లు వేసిరి. అందులో ఎనిమిది మెయిడెన్లు, అనగా పరుగు ఇయ్యనివి. నలుబది పరుగులిచ్చి రెండు వికెట్లు తీసిరి. అమర్ సింగ్ ఓవర్లు 31.1 అని యుండును. దీనిని దశాంశముగ చదువరాదు. ముప్పదియొక్క ఓవర్లు, ఆపైన ఒక బంతి యని యర్థము. చుక్క తరువాత ఐదుకు మించిన అంకె ఎన్నటికి రాదు. ఆరవ బంతితో క్రొత్త ఓవరు లెక్కకెక్కును. ఈ చిన్న అంకెలను చదువ నేర్చినవారికి ఆట పోకడ తెలియును. నిస్సార్ ఐదు వికెట్లు తీసినను 93 పరుగులిచ్చెను; జహంగీర్ ఖాన్ ఒక్క వికెట్టును తీయకున్నను 17 ఓవర్లలో 26 పరుగులే యిచ్చెను. ఒకరు పడగొట్టిరి, ఒకరు కట్టడి చేసిరి. రెండును పనులే.

ఇప్పుడు వికెట్ల పద్దును కూడుదము. నిస్సార్ 5, అమర్ సింగ్ 2, నాయుడు 2. మొత్తము తొమ్మిది. కాని ఇంగ్లండు వారు పదిమందియు అవుటైరి. పరుగులు ఒక్కటైనను తప్పని ఈ లెక్కలో ఒక వికెట్టు ఎచ్చటికి పోయినది?

బ్యాటింగు పద్దులో ఊలీ పేరు ప్రక్కన చూచినచో జవాబు దొరకును. అచ్చట ‘రనౌట్’ అని మాత్రమే యుండును. పరుగు తీయుచుండగా, అతడు గీత చేరకమునుపే ఫీల్డరు బంతిని వికెట్టునకు చేర్చి అతనిని అవుట్ చేసెను. ఇందులో బంతి వేసినవాని నేర్పు లేదు కావున బౌలరు పద్దులో వికెట్టు వేయలేదు. అది న్యాయమే. మరి ఎవరి పద్దులో వేసిరి? ఎవరి పద్దులోను వేయలేదు. చిట్టాలో నున్నది, ఆవర్జాలో యజమాని లేడు.

ఇతర పంక్తులలో ఇట్లు లేదు. నాయకుడు జార్డిన్ 79 పరుగుల యొద్ద అవుటైనప్పుడు ఆ పంక్తిలో ముగ్గురు మనుష్యులు కనబడుదురు: అవుటైన జార్డిన్, క్యాచ్ పట్టిన వికెట్‌కీపరు నావ్లే, బంతి వేసిన నాయుడు. ఊలీ పంక్తిలో ఊలీ ఒక్కడే. చూచినవానికి అతడు తనంతట తానే అవుటైనట్లు తోచును.

ఆ పనిచేసినవాని పేరు లాల్ సింగ్. మలయాలోని కౌలాలంపూరులో జన్మించి భారత జట్టులో ఆడినవాడు. ఫీల్డింగులో మెరుపువంటివాడని పేరు. సట్‌క్లిఫ్‌ను, హోమ్స్‌ను నిస్సార్ బౌల్డ్ చేసిన వెంటనే ఊలీని లాల్ సింగ్ రనౌట్ చేయగా ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొనెను. భారతదేశపు తొలి టెస్టులో తొలి ఉదయము అందరును తలచుకొను ఘట్టమిది. లాల్ సింగ్ మరల టెస్టు ఆడలేదు. ఆయన టెస్టు జీవితమంతయు ఈ ఒక్క కార్డులోనే యున్నది. అందు మొదటి ఇన్నింగ్స్‌లో 15, రెండవ ఇన్నింగ్స్‌లో 29 పరుగులు ఆయన పేర జమ యైనవి. ఆయన చేసిన రనౌట్ మాత్రము జమ కాలేదు. చూచినవారును విన్నవారును చెప్పుకొనుట చేతనే అది నిలిచినది. చెప్పుకొనువారు లేకున్నచో ఏమయ్యెడిదో పాఠకులే ఊహింపవచ్చును.

ఇట్టి పనికి పద్దు పెట్టుట అసాధ్యమా? కాదు. క్రికెట్‌కు దాయాది యనదగిన ఆట యొకటి అమెరికాలో కలదు. దాని పేరు బేస్‌బాల్. అందును బంతి విసరువాడొకడు, కర్రతో కొట్టువాడొకడు, చుట్టును కాచువారు కొందరు. ఆ ఆటకు లెక్క పద్ధతి ఏర్పరచినవారిలో ప్రముఖుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండులోని ఎక్సెటరున 1824లో పుట్టి, బాల్యముననే అమెరికా చేరి, పత్రికలకు క్రికెట్ వార్తలు వ్రాయుచుండెడివాడు. పిదప బేస్‌బాల్ వైపు మొగ్గి, క్రికెట్ స్కోరుకార్డు పోలికతో దానికి ఒక పట్టిక నిర్మించెను. కాని యథాతథముగా దింపలేదు. కాచువారికి కూడ అందు గడులు గీచెను. అమెరికావారు 1938లో ఆయన పేరును తమ బేస్‌బాల్ ప్రముఖుల జాబితాలో చేర్చిరి. మైదానమున ఆడి కాక, ఆటను కాగితము మీద పెట్టి గౌరవము పొందినవాడు ఆయన.

బేస్‌బాల్‌లో ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు. ఒకటి మొదలు తొమ్మిది వరకు ఒక్కొక్క స్థానమునకు ఒక్కొక్క అంకె. విసరువాడు 1, అతని కెదురుగ పట్టువాడు 2, మొదటి మూల కాచువాడు 3, ఇట్లు సాగును. కొట్టినవాడు మొదటి మూలకు పరుగెత్తవలెను; అతనికంటె ముందు బంతి అచ్చటికి చేరినచో అతడు అవుట్. ఇట్టి అవుట్ జరిగినప్పుడు బంతి ఎవరెవరి చేతులు మారి వచ్చినదో ఆ అంకెలను వరుసగా వ్రాయుదురు.

1956 అక్టోబరు 8న న్యూయార్కులో యాంకీస్, డాడ్జర్స్ అను జట్ల మధ్య జరిగిన ఆట ఇందుకు మంచి నిదర్శనము. యాంకీస్ పక్షమున బంతి విసరిన డాన్ లార్సెన్ ఆనాడు ఇరువదియేడుగురిని వరుసగా అవుట్ చేసెను. ఒక్కనిని గూడ మొదటి మూల చేరనీయలేదు. యాంకీస్ 2-0తో గెలిచిరి. పత్రికల పట్టికలో డాడ్జర్స్ కెదురుగ మూడు సున్నలుండును: పరుగులు సున్న, దెబ్బలు సున్న, పొరపాట్లు సున్న. ఈ మూడు సున్నలు చూచి లార్సెన్ ఒక్కడే సర్వము చేసెనని తోచవచ్చును. కాని స్కోరరు చిట్టా విప్పినచో, రెండవ దఫాలో జాకీ రాబిన్‌సన్ యను ఆటగాని గడిలో 5-6-3 అని యుండును. అతడు బలముగ కొట్టిన బంతి 5వ స్థానమున నున్న ఆండీ కేరీ చేతికి తగిలి ఎగిరినది. 6వ స్థానములోని గిల్ మెక్‌డూగల్డ్ దానిని అందుకొని 3వ స్థానమునకు విసరెను. రాబిన్‌సన్ అడుగు దూరమున అవుటయ్యెను. ఆ బంతి ఒక జానెడు ప్రక్కకు పోయినచో లార్సెన్ ఘనత ఆనాడే లేదు. మూడు అంకెలు, మువ్వురి చేతులు. ఆ లెక్కలో యజమాని లేని అవుట్ ఉండదు. అంతియేగాక, చేతికి వచ్చిన బంతిని జారవిడిచినచో అదియును ‘పొరపాటు’ అను గడిలో వాని పేర ఎక్కును. మన క్రికెట్ కార్డులో జారవిడిచిన క్యాచ్‌కు గడి లేదు. మేలుకును లేదు, కీడుకును లేదు. ఫీల్డరు సగము కనబడని మనిషి.

కాలము గడచినకొలది క్రికెట్ కార్డును మారినది. మన విజయవాడలోనే చూడవచ్చును. 2002 నవంబరు 24న బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియములో భారత, వెస్టిండీస్ జట్ల మధ్య ఒక దినపు అంతర్జాతీయ మ్యాచ్ జరిగినది. వెస్టిండీస్ 6 వికెట్లకు 315 పరుగులు చేసెను. భారతదేశము 36.5 ఓవర్లలో 180కి అవుటయ్యెను. తేడా 135 పరుగులు. ఏడు మ్యాచ్‌ల ఆ పోటీ వెస్టిండీస్‌కు 4-3గ దక్కినది. మన ఊరివారికి సంతోషము కలిగించిన సాయంకాలము కాదది. అయినను ఆ కార్డులో మార్లన్ శామ్యూల్స్ పేరునకెదురుగ 108 నాటౌట్ అని మాత్రమే గాక, 75 బంతులలో అనికూడ నుండును. అనగా నూరు బంతులకు 144 పరుగుల వేగము. 1932 నాటి కార్డులో బంతుల గడి లేదు. అందులోని 79 పరుగులను జార్డిన్ ఎన్ని బంతులలో చేసెనో కార్డు చెప్పదు. ఇప్పటి కార్డులలో రనౌట్ మాట ప్రక్కన కుండలీకరణములలో ఫీల్డరు పేరును గూడ అచ్చువేయుచున్నారు. లాల్ సింగ్‌కు దక్కని ఆ చిన్న కుండలీకరణము ఈనాటి కుఱ్ఱవానికి దక్కుచున్నది. ఆలస్యమైనను మంచి మార్పే.

అంతమాత్రమున కార్డు సర్వమును చెప్పుననుకొనరాదు. లార్డ్స్‌లో నాయుడుగారు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసిరి. భారత జట్టు చేసిన 189లో అదియే అత్యధికము. ఫీల్డింగు చేయుచుండగా చేతికి గాయమై, ఆ గాయముతోనే ఆయన బ్యాటు పట్టిరని కార్డు చెప్పదు. గాయములేని 40కిని గాయముతోడి 40కిని కార్డులో ఒకే అంకె. రెండవ ఇన్నింగ్స్‌లో 10 పరుగులకు అవుటైరి. భారతదేశము 187 చేసెను. ఇంగ్లండు రెండవసారి 8 వికెట్లకు 275 చేసి ఆట విరమించియుండెను. 259, 275 కూడగా 534, 189, 187 కూడగా 376, తేడా 158. అంత తేడాతో మనవారు ఓడిరి. అంకెలు నిర్దాక్షిణ్యముగ నిజము చెప్పినవి. కాని ఆ ఓటమిలోనుండి లోకము నాయుడుగారిని గుర్తించినది. 1933లో విజ్డెన్ గ్రంథము ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాండ్రలో ఆయన నొకరిగ ఎంచినది.

అంతకు ఆరేండ్లు ముందు, 1926 డిసెంబరులో, బొంబాయి జింఖానా మైదానమున ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు పక్షమున ఆయన రెండు గంటలకు లోపుగనే 153 పరుగులు చేసిరి. 153 అను మొత్తము మాత్రము చూచినచో అదియొక మంచి స్కోరు. బంతి బంతికి లెక్క వ్రాసినవారుండుట చేత అందులో 11 సిక్సర్లు కలవని మనకు తెలియుచున్నది. అనగా 66 పరుగులు ఆకాశమార్గముననే వచ్చినవి. ఆవర్జా మొత్తమును చెప్పినది. మనిషిని చూపినది చిట్టా.

నేడు ఎవరి చేతిలో చూచినను ఫోనున్నది. బంతి పడిన మరుక్షణము అంకె మారును. ఇక పెన్సిలుతో పనియేమి యని కొందరడుగుదురు. ఫోనులోని లెక్కను కూడ ఎవరో యొకరు బంతి బంతికి వ్రాయుచునే యున్నారు; ఆ పని పోలేదు. అదిగాక, తాను వ్రాసిన లెక్క వేరు, చూచిన లెక్క వేరు. వ్రాయువాడు ప్రతి బంతిని వినితీరవలెను. చుక్కల బంతులను గూడ వినవలెను. పరుగు రాని ఆ చుక్కలలోనే ఆట సగమున్నదని వ్రాసినవానికే తెలియును. పిల్లలకు కూడిక, శ్రద్ధ, ఒకరి కష్టమును మరియొకరి పద్దులో వేయరాదను న్యాయబుద్ధి, ఈ మూడును ఒక్క పెన్సిలుతో అలవడును.

మా పెదనాన్నగారి నోటు పుస్తకములు కొన్ని మా యింట నేటికి కలవు. కాగితము పసుపుపచ్చ నైనది. పెన్సిలు గీతలు పలుచబడినవి. పత్రికలోని కార్డుతో పోల్చినచో అంకెలన్నియు సరిగనే యున్నవి. ఒక్క తేడా మాత్రము కనబడును. రనౌట్ అని యున్న ప్రతిచోటను, గడిలో చోటు చాలక, అంచున చిన్న అక్షరములతో ఒక పేరు వ్రాసియున్నది. అది రేడియోలో వ్యాఖ్యాత ఒక్కసారి చెప్పి విడిచిన పేరు. పత్రికకు అది అక్కరలేకపోయినది. ఆయనకు అక్కర వచ్చినది.

ఈసారి మ్యాచ్ నాడు సెట్టు తెరచినప్పుడు మీ ప్రక్కనను ఒక పుస్తకముంచుకొనుడు. పరుగులు వ్రాయుడు, వికెట్లు వ్రాయుడు, సాయంకాలమున జమను ఖర్చును సరిచూడుడు. పిమ్మట, గడి లేని పని చేసినవాడెవడైన కనబడినచో, వాని పేరు అంచున వ్రాయుడు.